మా ఇంటి మూడు పెడళ్ల కారు

"నేను ఆ కారు నేర్చుకోను" అంది మా అమ్మాయి. లెర్నర్ పర్మిట్ చేతికి వచ్చి అప్పటికి నాలుగు రోజులైంది. కారణం చెప్పమని నేను పట్టుబట్టాను. "నువ్వు నాన్నకు నేర్పినప్పుడు వెనక సీట్లో నేనున్నాను కదా" అంది. ఇంగ్లీషులో అంది, మెల్లగా అంది, ఫోను పక్కన పెట్టి నా ముఖంలోకి చూస్తూ అంది. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

రెండేళ్ల క్రితం మా పాత మినీవ్యాన్ అమ్మేసి ఈ కారు కొన్నాను. "కొన్నాం" అని రాయడానికి మనసొప్పడం లేదు. కాగితాల మీద మావారి సంతకం కూడా ఉంది గాని, కొన్నది నేనే. తొమ్మిదేళ్లు వాడిన స్పోర్ట్స్ సెడాన్. ఇంజను శక్తి వెనక చక్రాలకు అందుతుంది. ఆరు గేర్లు, చేతి కింద గేర్ రాడ్, ఎడమ కాలి కింద క్లచ్. అప్పటికి అమ్మాయికి పద్నాలుగేళ్లు, బాబుకు రెండేళ్లు. నాలుగు తలుపులున్నాయి, డిక్కీలో స్ట్రోలర్ పడుతుంది, ఇది కుటుంబానికి సరిపోయే కారే అని అందరితో అన్నాను. అది అబద్ధం కాదు, కాని కారణం అది కాదు.

మా తమ్ముడికి పద్దెనిమిది నిండగానే నాన్న మారుతి 800 మీద డ్రైవింగ్ నేర్పారు. నాకు అప్పటికి ఇరవై. నేను వెనక సీట్లో కూర్చుని, నాన్న చెప్పే ప్రతి మాటా విన్నాను. క్లచ్ మెల్లగా వదులు, బండి వణికినట్టు అనిపించినచోట కాలు ఆపు, అదే హాఫ్ క్లచ్. తమ్ముడి కాలు తప్పిన ప్రతిసారీ నా ఎడమ కాలు ముందు సీటు కింద తనంతట తానే కదిలేది. నాకూ నేర్పమని అడిగితే "నీకెందుకమ్మా, రేపు అల్లుడుగారు తిప్పుతారు" అన్నారు. ప్రేమగానే అన్నారు. మొదటి జీతం అందగానే డ్రైవింగ్ స్కూల్లో చేరాను. నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని మొదటిసారి బండి నడిపిన రోజు ఆయన ఏమీ అనలేదు. నేను గేరు మార్చినప్పుడల్లా నా కాలి వంక చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ కావాలి.

అమెరికా వచ్చాక పదిహేనేళ్లు నా ఎడమ కాలికి పని లేదు. ఇక్కడ కొత్త కార్లలో మాన్యువల్ ఒక్కొక్కటిగా వెళ్లిపోతోంది. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో 2018 మోడల్‌తో, హోండా అకార్డ్‌లో 2020 మోడల్‌తో ఆగిపోయింది. నాలుగు తలుపులు, మూడు పెడళ్లు ఉన్న కొత్త కార్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ ఉండదనే ఆత్రం నాకు పట్టుకుంది. నా కూతురికి నేను నేర్పాలి, నేను అడిగినా ఇంట్లో నాకు దక్కని దాన్ని అది అడగకుండానే దానికి ఇవ్వాలి అనుకున్నాను. దానికి కావాలా అని మాత్రం అడగలేదు.

నాలాంటి తల్లిదండ్రులెవరైనా ఇలాంటి బండి చూడబోతుంటే, నేను నేర్చుకున్నవి చెబుతాను. ముందు పిల్లల సీటును వెంట తీసుకెళ్లండి. అమెరికాలో 2002 సెప్టెంబరు తర్వాత తయారైన కార్లలో ఆ సీటును బిగించే కొక్కేలు వెనక సీట్లో ఉంటాయి. అందువల్ల బిగించడం సమస్య కాదు, చోటే సమస్య. వెనక్కి తిరిగి కూర్చునే సీటును పెడితే, దాని ముందున్న సీటును ఎంత ముందుకు జరపాలో అక్కడే తెలుస్తుంది. మా కారులో ఆయన మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగిలేవి. ఆరు నెలలు అలాగే కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. ఇంజను శక్తిని వెనక చక్రాలకు చేర్చే షాఫ్ట్ కోసం నడుమ ఎత్తయిన గట్టు ఉంటుంది కాబట్టి మధ్య సీటులో మూడో మనిషికి కాళ్లు పెట్టుకునే వీలుండదు.

ఇక క్లచ్. బండిని ముందుగా వేడి చేసి ఉంచవద్దని అమ్మేవారికి చెప్పి వెళ్లండి. చల్లని ఇంజనుతో ఒకటి నుంచి రెండో గేరుకు మార్చినప్పుడు గీరుకున్న చప్పుడు వస్తే లోపల గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రోమెష్ అరిగిందని అనుమానించాలి. నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. ఇంజను మోత పెరిగి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. క్లచ్ నొక్కినప్పుడు మాత్రమే రొద వస్తే, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగును అనుమానించాలి. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్సు మొత్తం దించాలి. కాబట్టి ప్లేటుతో పాటు బేరింగు కూడా మార్పించడం, క్లచ్ ప్లేటు ఆనుకునే బరువైన చక్రం, ఫ్లైవీల్, ఎలా ఉందో చూపించడం మంచిది. కొనేముందు మీకు నమ్మకమున్న మెకానిక్ చేత బండిని పైకెత్తించి కింద నుంచి చూపించండి. మంచు పడే చోట వెనక చక్రాల బండికి చలికాలం టైర్లు తప్పనిసరి అనుకోండి.

ఇవన్నీ నేను శ్రద్ధగా చూశాను. ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ దీన్ని నడపలేరన్న సంగతిని మాత్రం చూడలేదు. చూడలేదంటే నిజం కాదు. చూసి, తర్వాత చూసుకుందాంలే అనుకున్నాను. మావారు డ్రైవింగ్ నేర్చుకున్నదే ఈ దేశంలో, ఆటోమేటిక్ మీద.

కారు కొన్న నాలుగో నెలలో ఆఫీసు పని మీద నేను వేరే ఊళ్లో ఉన్నాను. ఆయన కారు మరమ్మతులో ఉంది. రాత్రి బాబుకు జ్వరం బాగా పెరిగింది. మా సెడాన్ ఇంటి ముందే ఉంది, తాళం చేతిలో ఉంది, పెట్రోలు నిండుగా ఉంది. ఆయన బిడ్డను భుజాన వేసుకుని పక్కింటి తలుపు కొట్టారు. ఆ పక్కింటివారే ఆసుపత్రికి తీసుకెళ్లారు. బాబుకు ఏమీ కాలేదు. నేను తిరిగి వచ్చాక ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నాకు నేర్పు" అన్నారు, అంతే.

నేర్పడం మొదలుపెట్టాను. ఖాళీగా ఉన్న బడి పార్కింగ్ స్థలంలో, ఆదివారం పొద్దున్నే. వెనక పిల్లలిద్దరూ ఉన్నారు. మొదటి పది నిమిషాలు బాగానే ఉన్నాను. నాలుగోసారి ఇంజను ఆగినప్పుడు నిట్టూర్చాను. ఏడోసారి "ఇంత చిన్న విషయం" అన్నాను. మూడో ఆదివారం, రోడ్డు మీద సిగ్నలు దగ్గర ఆగిపోయి, వెనక కార్లు హారన్లు కొడుతుంటే నా గొంతు లేచింది. నలభై ఏడేళ్ల మనిషి, తన పిల్లల ముందు, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని తలవంచుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన మళ్లీ అడగలేదు. నేనూ రమ్మనలేదు. నాన్న తమ్ముడి మీద ఎప్పుడూ గొంతెత్తలేదన్నది ఇది రాస్తుంటేనే గుర్తుకొచ్చింది. ఆయన ఓర్పును కూడా నేను వెనక సీట్లోంచే చూశాను. ఓర్పు వదిలేసి క్లచ్ ఒక్కటే నేర్చుకున్నాను.

అందువల్ల అమ్మాయి "వెనక సీట్లో నేనున్నాను" అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. అయినా వాదించాను. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పరీక్ష పాసైన వారికి మాన్యువల్ నడిపే అనుమతి ఉండదు, రేపు నువ్వు ఎక్కడ ఉంటావో ఏం తెలుసు అన్నాను. "నేను కొనేది ఎలక్ట్రిక్ కారు, దానికి మార్చడానికి గేర్లే ఉండవు" అంది. అది చెప్పింది నిజం. నేను దానికి ఇవ్వాలని ఇంత తపన పడుతున్నది, అది పెద్దదయ్యేసరికి ఎవరికీ అక్కరలేకుండా పోవచ్చు.

చిత్రమేమిటంటే ఆ యంత్రమంటే దానికి ఇష్టం. సింక్రోమెష్ ఎలా పనిచేస్తుందో ఒకరోజు చెబితే అన్నం చల్లారేదాకా విన్నది. రెండు గేర్ల పళ్లు కలవక ముందు, తిరిగే వేగాలను రాపిడితో సమానం చేస్తుందని చెప్పాను. 1928లో కాడిలాక్ దీన్ని తెచ్చిందని, అంతకుముందు డ్రైవర్లు గేరు మార్చడానికి క్లచ్‌ను రెండుసార్లు తొక్కి, ఇంజను చప్పుడును బట్టి వేగం కలుపుకునేవారని చెప్పాను. "అయితే వాళ్లకు చెవులతో నడపడం వచ్చు" అంది. ఎంత బాగా పట్టుకుందో అని పొంగిపోయాను. వెంటనే "చూశావా, మరి నేర్చుకో" అన్నాను. దాని ముఖం మళ్లీ మూసుకుపోయింది. అంతవరకు ఉన్న సంతోషాన్ని నేనే పాడుచేశాను.

రెండు రోజుల తర్వాత రాత్రి గిన్నెలు సర్దుతుంటే వచ్చి పక్కన నిలబడింది. "అమ్మమ్మతో మాట్లాడినప్పుడు కూడా అంతే అమ్మా. మధ్యలో మాట దొరకక ఆగిపోతాను. మీరందరూ నవ్వుతారు, నువ్వు వెంటనే ఆ మాట అందిస్తావు. అందుకే నేను హలో చెప్పి వెళ్లిపోతాను" అంది.

అమ్మాయికి తెలుగు మీద ఆసక్తి లేదని నేను ఎందరికో చెప్పాను. నాలుగేళ్ల వయసులో అది గలగలా తెలుగు మాట్లాడేది. బడిలో చేరాక ఇంగ్లీషులో జవాబివ్వడం మొదలుపెడితే, ఉద్యోగం నుంచి అలసి వచ్చిన నేను నాకు తెలియకుండానే ఇంగ్లీషులోకి మారిపోయాను. తెలుగు విషయంలో అంత తేలిగ్గా చేతులెత్తేసిన దాన్ని, ఒక క్లచ్ పెడల్ కోసం ఇంత మొండిగా ఎందుకు నిలబడ్డాను? భాష అందరిదీ కాబట్టి ఎవరో ఒకరు నేర్పుతారనుకున్నానా? కారు నాది కాబట్టి నేనే నేర్పాలనుకున్నానా? ఎంత ఆలోచించినా నాకు సరైన జవాబు దొరకడం లేదు.

డ్రైవింగ్ పరీక్ష ఆయన కారులోనే ఇస్తానంది, సరేనన్నాను. సెడాన్‌ను అమ్మేద్దామా అని ఆయనను అడిగాను. "నీకిష్టమైన కారు కదా, ఉండనీ" అన్నారు. ఉంచడం న్యాయమో, అమ్మడం న్యాయమో తేల్చుకోలేకపోతున్నాను. మొన్న ఆదివారం ధైర్యం చేసి, మళ్లీ నేర్పనా అని అడిగాను. "చూద్దాం" అన్నారు. ఆయన ఆ మాట అనడానికి ఎంతసేపు పట్టిందో నేను గమనించాను.

నిన్న సాయంత్రం అమ్మ ఫోను చేసింది. అంతకుముందే, అది మాట్లాడేటప్పుడు నవ్వవద్దని, మాట అందించవద్దని అమ్మను వేడుకున్నాను. అమ్మాయి ఫోను తీసుకుని "అమ్మమ్మా, నిన్న నేను..." అని ఆగింది. నా నాలుక చివర ఆ మాట సిద్ధంగా ఉంది. పెదవి బిగబట్టాను. అటువైపు అమ్మ కూడా ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం చాలాసేపు ఉన్నట్టు అనిపించింది. తర్వాత అమ్మాయి ఆ మాటను ఇంగ్లీషులోనే చెప్పి, మిగతా వాక్యాన్ని తెలుగులో పూర్తి చేసింది. "ఆఁ, తర్వాత?" అంది అమ్మ.