టెస్టోస్టిరాన్ తక్కువ అన్నారు

మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ నాకు తక్కువుందని రక్త పరీక్ష రిపోర్ట్ వచ్చిన సంగతి తెలియగానే ఒక ఫ్రెండ్ దాన్ని పెంచుతుందనే బూస్టర్ డబ్బా ఫోటో పంపాడు, వాడి ప్రేమ అలాంటిది మరి. డాక్టర్ మాత్రం ఆ నంబర్‌ని అసలు నమ్మలేదు. శాంపిల్ తీసింది సాయంత్రం, ఈ హార్మోన్ ఎక్కువగా ఉండేది పొద్దున. రెండు వేర్వేరు రోజుల్లో పొద్దున్నే చేసిన టెస్టుల్లో డెసిలీటరుకు 300 నానోగ్రాముల లోపు వచ్చి, లక్షణాలు కూడా ఉంటేనే తక్కువ అంటారట.

నాది పొద్దున చూసినా అంచు మీదే ఉంది. ఆయన మందు రాయకుండా నిద్ర గురించి, గురక గురించి అడిగాడు, టేప్ తీసి నడుము కొలిచాడు (ఇది మాత్రం ఇబ్బందిగా అనిపించింది). కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మార్చేస్తుందని అప్పుడే తెలిసింది. నిద్ర సరిచేసుకుని, బరువులెత్తి, పొట్ట తగ్గించాక నంబర్ పెరిగింది, మరీ గొప్పగా కాదు, కానీ మధ్యాహ్నం మీటింగుల్లో కళ్లు మూతపడటం ఆగింది.

జింక్, విటమిన్ డి లోపం ఉంటే వేసుకోవాలి, లేనివాళ్లకి వాటితో ఒరిగేదేమీ లేదు. అలాగని టెస్టోస్టిరాన్ ట్రీట్‌మెంట్‌ని తీసిపారేయను, వృషణాల్లోనో, వాటికి సంకేతాలు పంపే మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథిలోనో జబ్బున్నవాళ్లకి ఎన్ని స్క్వాట్లు కొట్టినా లాభం ఉండదు. కాకపోతే బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మెదడు నుంచి వృషణాలకు వెళ్లే సంకేతాలు తగ్గిపోయి వీర్యకణాల సంఖ్య పడిపోతుంది, కాబట్టి పిల్లలు కావాలనుకునేవాళ్లు ఇంజెక్షన్‌కి ముందే డాక్టర్‌తో ఆ మాట మాట్లాడుకోండి.