రొయ్యల చెరువులు, గంట క్యూలు, పద్దు క్యూలు: ఈ పంటకు ఎక్కడిదాకా వచ్చామంటే

ఉండి దగ్గర బావ వనామి రొయ్యల చెరువుల మీద పెట్టిన డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటర్ల పని ఒక కొలిక్కి వచ్చింది. బోర్డుల గురించి, ప్రోబుల గురించి ఈసారి ఎక్కువ రాయను. ప్రోబు మీద పట్టిన నాచును వారం వారం తుడుస్తుంటే అవి నడుస్తున్నాయి. సమయమంతా తినేసింది మధ్యలో ఉన్న మెసేజ్ బ్రోకర్, అంటే రీడింగులను అందుకుని, దాచి, చదివే ప్రోగ్రాములకు అందించే ప్రోగ్రాము.

అమరిక ఇది. నాలుగు చెరువులు, ఒక్కో గట్టు మీద ఒక ఈఎస్పీ32 (వై-ఫై ఉన్న చిన్న బోర్డు). ప్రతి 30 సెకన్లకు ఒక రీడింగ్ ఎంక్యూటీటీ (సెన్సార్లు సందేశాలు పంపే పద్ధతి) మీద మోటారు షెడ్డులోని రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరుకు వెళ్తుంది. అందులో యాక్టివ్‌ఎమ్‌క్యూ క్లాసిక్ అనే బ్రోకర్ నడుస్తోంది. రీడింగ్ పంపే టాపిక్ (సందేశాల చిరునామా) పేరు ‘వర్చువల్‌టాపిక్’తో మొదలైతే చాలు, ఒకే రీడింగ్ ఎన్ని క్యూలకు (సందేశాల వరుసలకు) కావాలంటే అన్నింటికీ విడివిడిగా చేరుతుంది. నేను ఒక్కో చెరువుకు రెండు పెట్టాను. ‘గంట’ (హెచ్చరిక గంట) క్యూను చదివే ప్రోగ్రాము, డీఓ లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి జారితే బావ ఫోనుకు కాల్ చేస్తుంది. ‘పద్దు’ క్యూలోని రీడింగులన్నీ డేటాబేసులోకి వెళ్తాయి. చదివే ప్రోగ్రాములు రెండూ భీమవరంలో మా ఇంటి లాప్‌టాప్‌లో ఉన్నాయి, ఎందుకంటే కాల్ చేసే మోడెముకు షెడ్డులో సిగ్నల్ నిలవదు.

చిక్కు ఇక్కడే మొదలైంది. గాలివానకు ఇంటి దగ్గర కరెంటు ఆరు గంటలు పోయిందనుకోండి. షెడ్డులో ఇన్వర్టర్ ఉంది కనుక బ్రోకర్ మాత్రం రీడింగులు పోగేస్తూనే ఉంటుంది. గంటకు 120 చొప్పున ఒక్కో క్యూలో 720. లాప్‌టాప్ లేవగానే గంట ప్రోగ్రాము పాతవాటితో మొదలుపెడుతుంది. రాత్రంతా ప్లాంక్టన్ కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారే ముందు డీఓ అడుగంటుతుంది. ఆ రీడింగులకు కాల్ వెళ్లేది మాత్రం బారెడు పొద్దెక్కాక. పైగా కాల్ ముగిసేదాకా వెనక ఉన్న తాజా రీడింగులు వేచి ఉండాల్సిందే. ‘‘రాత్రి మూడింటి సంగతి ఇప్పుడు చెబితే నేనేమి చేసుకోనోయ్?’’ అన్నాడు బావ. న్యాయమైన ప్రశ్నే.

8161 పోర్టులో వెబ్ కన్సోల్ ఉంది, అందులో పర్జ్ బటనూ ఉంది. అది క్యూను మొత్తంగా ఊడ్చేస్తుంది, తాజా రీడింగులతో సహా. పైగా నొక్కడానికి మనిషి కావాలి. సందేశాలకు కాలపరిమితి పెట్టే ప్లగిన్ కూడా ఉంది కానీ, అది పద్దుకూ అదే గడువు పెడుతుంది. పద్దులో ఒక్కటి పోయినా నాకు ఇష్టం లేదు. అందుకే జేఎమ్‌ఎక్స్ (నడుస్తున్న జావా ప్రోగ్రామును బయటి నుంచి నిర్వహించే ఏర్పాటు) దారి పట్టాను. బ్రోకరులోని ప్రతి క్యూ ఒక ఎమ్‌బీన్‌గా, అంటే బయటి నుంచి ఆజ్ఞలివ్వగల ఆబ్జెక్టుగా, కనిపిస్తుంది. దూరంగా ఉన్న జావా ప్రోగ్రాము దానికొక ప్రాక్సీ (ప్రతినిధి) తయారుచేసుకుని, తన సొంత ఆబ్జెక్టును పిలిచినట్టే దాని మెథడ్లను పిలుస్తుంది. ఆ పిలుపును ఆర్‌ఎమ్‌ఐ అనే జావా ఏర్పాటు నెట్‌వర్కు మీద మోసుకెళ్తుంది.

మోసుకెళ్లడం దగ్గరే చాలామంది విసిగి వదిలేస్తారు. 1099 పోర్టు రైల్వే విచారణ కౌంటర్ లాంటిది, అసలు బండి ఇంకో ప్లాట్‌ఫారం మీద, అంటే రెండో పోర్టులో, ఉంటుంది. ఆ రెండో పోర్టును బ్రోకర్ ప్రతిసారీ తనకు తోచినట్టు ఎంచుకుంటుంది, కాబట్టి ఫైర్‌వాల్‌లో దేనిని తెరవాలో తెలియదు. కాన్ఫిగరేషన్‌లోని మేనేజ్‌మెంట్ కాంటెక్స్ట్‌లో క్రియేట్‌కనెక్టర్‌ను ట్రూ చేసి, ఆర్‌ఎమ్‌ఐసర్వర్‌పోర్ట్‌కు 1098 ఇచ్చాను. ఇక రెండో మెలిక: కౌంటర్ ఇచ్చే చిరునామాలో రాస్ప్‌బెర్రీ పై తన పేరును 127.0.1.1గా, అంటే ‘ఈ కంప్యూటరే’ అని చెబుతుంది. లాప్‌టాప్ దాన్ని నమ్మి తన తలుపు తానే తట్టుకుని, కనెక్షన్ నిరాకరించారని ఫిర్యాదు చేస్తుంది. జావాకు ఆర్‌ఎమ్‌ఐ హోస్ట్‌నేమ్ ప్రాపర్టీని లోకల్‌హోస్ట్ అని ఇచ్చి, రెండు పోర్టులనూ ఎస్ఎస్‌హెచ్ (గుప్త కనెక్షన్) సొరంగంలోంచి తెచ్చుకుంటే రెండు చిక్కులూ ఒకేసారి తీరతాయి. జేఎమ్‌ఎక్స్‌ను పాస్‌వర్డు లేకుండా ఇంటర్నెట్టులోకి తెరవడం మాత్రం ఎవరూ చేయకూడదు.

ఎమ్‌బీన్ పేరులో నాలుగు ముక్కలుంటాయి: టైప్, బ్రోకర్‌నేమ్, డెస్టినేషన్‌టైప్, డెస్టినేషన్‌నేమ్. పాత ఉదాహరణల్లో కనిపించేది 5.8 వెర్షన్‌కు ముందున్న రూపం, ఇప్పుడు పనిచేయదు. పేరు తప్పయినా ప్రాక్సీ మాత్రం నిక్షేపంగా తయారవుతుంది. మొదటి మెథడ్‌ను పిలిచినప్పుడే గుట్టు బయటపడుతుంది. అందుకే నేను ముందుగా క్యూసైజ్ (క్యూలో ఎన్ని సందేశాలున్నాయో) అడిగి చూస్తాను.

ఇప్పుడు గంట ప్రోగ్రాము లేవగానే, క్యూకు కన్స్యూమర్‌గా (చదివేవాడిగా) చేరకముందే, రిమూవ్‌మ్యాచింగ్‌మెసేజెస్ అనే మెథడ్‌ను పిలుస్తుంది. దానికిచ్చే సెలెక్టర్ (ఏవి తీసేయాలో చెప్పే షరతు) ఒక్క ముక్క: జేఎమ్‌ఎస్‌టైమ్‌స్టాంప్ (సందేశం మీద వేసిన సమయం) ఇప్పటికి పది నిమిషాల ముందు సమయం కంటే తక్కువ ఉన్నవి. లెక్క మిల్లీసెకన్లలో ఉండాలి. ఎన్ని తీసేసిందో ఆ సంఖ్యను మెథడ్ తిరిగి ఇస్తుంది, దాన్ని లాగ్‌లో రాసుకుంటున్నాను. ‘చేరకముందే’ అన్నది ముఖ్యం. క్యూ కన్స్యూమర్‌కు ప్రీఫెచ్ (ఒకేసారి ముందుగా పంపే సందేశాల సంఖ్య) డిఫాల్టుగా 1000, అంటే 720 సందేశాలూ ఒక్క గుక్కలో లాప్‌టాప్ చేతికి వచ్చేస్తాయి. ఆ తర్వాత బ్రోకరులో ఎంత ఊడ్చినా ప్రయోజనం లేదు. గంట క్యూకు ప్రీఫెచ్ 1 చేశాను.

గడియారం సంగతి కూడా చెప్పాలి. టైమ్‌స్టాంప్ వేసేది బ్రోకర్, రాస్ప్‌బెర్రీ పై 4లో సొంత గడియారం ఉండదు. ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసి, మళ్లీ లేచినప్పుడు ఇంటర్నెట్టు ఇంకా రాకపోతే, రాస్ప్‌బెర్రీ పై వెనకటి సమయంలోనే ఉంటుంది. అప్పుడు తాజా రీడింగులు కూడా పాతవిగా లెక్కపడి ఊడ్పులో పోతాయి. డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి తగిలించాను. అది చిన్న బటన్ బ్యాటరీ మీద సమయం నిలుపుకుంటుంది.

క్యూల పుట్టుక, పోక కూడా ఇప్పుడు ప్రోగ్రాము చేతిలోనే. చెరువులో పిల్ల వదిలే ముందు యాడ్‌క్యూతో గంటను, పద్దును సృష్టిస్తుంది. చదివేవాడు ఇంకా రాకపోయినా, క్యూ ముందే ఉంటే మొదటి రీడింగ్ నుంచి అందులో పడుతుంది. ఈ కారణానికే, ఖాళీ క్యూలను బ్రోకర్ తానే తొలగించే సదుపాయాన్ని నేను వాడడం లేదు. పట్టుబడి అయ్యాక రిమూవ్‌క్యూ.  క్యూలో సందేశాలు మిగిలి ఉన్నా బ్రోకర్ అడ్డు చెప్పదు, వాటితో సహా తీసేస్తుంది. అందుకే కన్స్యూమర్‌కౌంట్, క్యూసైజ్ రెండూ సున్నా అయ్యేదాకా ఆగమని రాశాను.

జావా రానివారికి జొలోకియా ఉంది. ఇవే మెథడ్లను 8161 మీద హెచ్‌టీటీపీతో పిలవవచ్చు, ఆరిజిన్ హెడర్ పంపడం మరవకపోతే చాలు. ఫోనులో క్యూసైజ్ చూసుకోవడానికి నేనూ అదే వాడుతున్నాను.

మిగిలింది డీఎల్‌క్యూ, అంటే అందించలేకపోయిన సందేశాలు చేరే క్యూ. డేటాబేసు మొరాయించినప్పుడు ఆరుసార్లు మళ్లీ పంపి చూసి, బ్రోకర్ పద్దు సందేశాలను అందులో పడేస్తుంది. రిట్రైమెసేజెస్ అనే మెథడ్ వాటిని పాత క్యూకు తిప్పి పంపుతుంది. మూడో చెరువు పట్టుబడి అయ్యాక దాని మీద కూర్చుంటాను.