పాట ఆగిపోయిన తరువాత: కౌన్సెలింగ్‌లో నా అనుభవం

ఎనిమిదో నెలలో మా పాప కడుపులోనే చనిపోయింది. సమాధి చేసి వచ్చిన మరునాటి నుంచి గుంటూరులోని మా ఇంటికి వచ్చిన చర్చి సంఘస్థులందరూ దాదాపు ఒకే మాట చెప్పారు: దేవుని చిత్తం, ఏడవకమ్మా. వాళ్లు ప్రేమతోనే వచ్చారు. కానీ ఆదివారం మందిరంలో కీర్తనల పుస్తకం తెరిచి పట్టుకున్నా నా గొంతు పెగిలేది కాదు. రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తే బీరువా తెరిచి, మా అత్తయ్య పాప కోసం అల్లిన పసుపుపచ్చ ఊలు మేజోళ్లను వేళ్లకు తొడుక్కుని తెల్లవారేదాకా కూర్చునేదాన్ని.

మొదట కలిసిన కౌన్సెలర్ అరగంటలోనే నా అపరాధభావానికి మతమే కారణమని తేల్చి, కొన్నాళ్లు చర్చికి వెళ్లవద్దన్నారు. తరువాత కలిసిన విశ్వాసి ఒకరు, ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుందన్నారు. ఈ ఇద్దరూ నేను చెప్పేది పూర్తిగా వినకుండానే నా విశ్వాసం గురించి తీర్పు చెప్పేశారు. అందుకే మూడోసారి ఒక క్లినికల్ సైకాలజిస్టును ముందు ఫోన్‌లోనే అడిగాను: ఏం చదివారు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందా, నా ప్రార్థన గురించి మాట్లాడితే మీకు ఇబ్బందా అని. క్లినికల్ సైకాలజిస్టులకు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కనుక అది అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఆవిడ హిందువు. "మీ విశ్వాసం గురించి నాకు తెలిసింది తక్కువ, మీరే చెప్పాలి" అన్నారు. ఆ మాటకే నాకు ధైర్యం వచ్చింది.

తెలిసినవాళ్ల కంట పడకూడదని విజయవాడకు బస్సులో వెళ్లాను. మొదటి రోజు సగం సమయం కాగితాలకే పోయింది. నేను చెప్పేవన్నీ గోప్యంగా ఉంటాయనీ, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ హక్కు ఇస్తోందనీ, ప్రాణాపాయం వంటి సందర్భాల్లో మాత్రం ఆ నియమానికి మినహాయింపు ఉంటుందనీ వివరించారు. మా చర్చి పాస్టరు అయ్యగారితో మాట్లాడతారా అని భయంగా అడిగితే, నా రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరితోనూ మాట్లాడనన్నారు. తరువాత గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నల పత్రం ఇచ్చారు. చావు ఆలోచనల గురించి అడిగే చివరి ప్రశ్నకు సున్నా పెట్టలేకపోయాను. ఆవిడ కంగారు పడలేదు, మాట మార్చనూ లేదు. ఏమనిపిస్తోంది, ఎప్పుడు, ఇంట్లో ఎవరుంటారు అని నేరుగా అడిగి, రాత్రివేళ అవసరమైతే తెలుగులోనూ మాట్లాడవచ్చంటూ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చారు.

రెండో వారం అడిగిన ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది: "ప్రార్థన ఇప్పుడు మీకు ఊరటనిస్తోందా, బరువవుతోందా?" పదిహేనేళ్లుగా ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన నేను, దేవుని మీద కోపంగా ఉందని ఆ గదిలోనే మొదటిసారి పైకి అన్నాను. అన్నాక భయంతో చేతులు వణికాయి. ఆవిడ దేవుని పక్షాన వకాల్తా పుచ్చుకోలేదు, నన్ను ఎగదోయనూ లేదు. కాసేపటికి, "మీ గ్రంథంలో ఇలా మొరపెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని మాత్రం అడిగారు. ఇంటికొచ్చి బైబిల్లో 88వ కీర్తన తీశాను. మొర పెట్టే కీర్తనల్లో చాలా వాటికి చివర ఆశ కనిపిస్తుంది. ఇది మాత్రం చీకటి దగ్గరే ఆగిపోతుంది. ఎన్నోసార్లు చదివినదే అయినా, అలా ముగిసిన ప్రార్థనకు కూడా బైబిల్లో చోటుందన్న సంగతి ఆ రాత్రే నా మనసుకు ఎక్కింది. విశ్వాసాన్ని గౌరవించే కౌన్సెలింగ్ అంటే మన తరఫున ప్రార్థన చేసేవారు దొరకడమని అనుకునేదాన్ని. నాకు కావలసింది అది కాదని అప్పుడు అర్థమైంది.

నిద్ర కుదురుకోకపోవడంతో ఆవిడ సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు, ఎందుకంటే సైకాలజిస్టులు మందులు రాయరు. ఆయన ముందు థైరాయిడ్ పరీక్ష చేయించి, తరువాత మాత్రలు రాశారు. వాటి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పడం మంచిదైంది, లేకపోతే మొదటి వారమే మానేసేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ తేలికపడతామని మాత్రం ఎవరూ ఆశించవద్దు. కాన్పు జరిగిన రోజు గురించి మాట్లాడిన నాలుగో వారం బస్సులో దారంతా ఏడ్చాను. ఆ తరువాతి వారం మా వారు కూడా వచ్చారు. ఆయన కూడా మేజోళ్లు తీసి చూసుకుంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు నెలకొకసారి వెళ్తున్నాను. అయ్యగారికి నేనే చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, పాపకు ఏం పేరు పెట్టాలనుకున్నారని అడిగారు. పోయిన ఆదివారం మందిరంలో పాడిన రెండో కీర్తనకు గొంతు కలిపాను. సమాధి దగ్గర పాడిన కీర్తన మాత్రం ఇంకా పాడలేను.