పర్లాకిమిడి స్మారక మందిరంలో ఒక గంట

మా పర్లాకిమిడిలో వీధి చివరనున్న చిన్న స్మారక మందిరాన్ని చాలా కాలానికి తెరిచారని తెలిసి, నిన్న వెళ్ళి గంటసేపు కూర్చున్నాను. టేకు దూలాలపై ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఐమూలగా పేర్చి, గానుగ సున్నంతో అతికిన ఆ పాత మిద్దె కింద మండువేసవిలోనూ చల్లగా ఉంది. ఒక మూల మాత్రం ఈమధ్య సిమెంటు పూశారు. లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక అక్కడే పెచ్చులూడుతున్నాయి, చేత్తో తాకితే ఇటుక పొడి రాలి మనసు చివుక్కుమంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఈ ఊరు అందులో చేరింది. ఇక్కడ పాఠాలు చెబుతూ సవర భాషను నేర్చి, దానికి నిఘంటువు, వ్యాకరణం కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ ఏడాదే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు.

గుమ్మం పక్క రాతిపలక మీది తెలుగు అక్షరాలు వెల్లపూతల కింద సగం పూడిపోయాయి. వాటిని మెత్తని కుంచెతో శుభ్రం చేసుకోనివ్వమని ఈ ఉదయమే అర్జీ ఇచ్చాను.