మా పడ్డ గొడ్డుది కాదు

మూడేళ్లు దాటినా మా ముర్రా జాతి పడ్డ (ఈనని ఆడ గేదె) ఎదకు రాలేదు. "గొడ్డుది, అమ్మేయండి" అంటూ పశువుల బేరగాడు మా ఇంటి చుట్టూ తిరిగాడు. డాక్టరుగారు మాత్రం మెడ నరం నుంచి రక్తం తీసి, 10 రోజులాగి మళ్లీ తీశారు. గేదెల్లో మూగ ఎద ఎక్కువ. అరవవు, ఎదలో కారే జిగట తీగలూ సరిగా కనిపించవు, వేసవిలో మరీనూ. ఎద చక్రం సుమారు 21 రోజులు, అందుకే 10 రోజుల తేడాతో రెండు నమూనాలు. అండం విడుదలయ్యాక పెరిగే హార్మోను ప్రొజెస్టిరాన్. రెండు నమూనాల్లోనూ అది తక్కువగా ఉంటే పడ్డ ఇంకా ఎదకు రావడం లేదని అర్థం. ఒక్కదానిలో మిల్లీలీటరుకు 1 నానోగ్రాము దాటినా లోలోపల ఎదకు వస్తున్నట్టే. మా పడ్డకు దాటింది! ఆ కాగితం చూసి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఏఎంహెచ్ (యాంటీ ముల్లేరియన్ హార్మోన్) అనే మరో హార్మోను ఉంది. అండాశయంలోని చిన్న పుటికలు, అంటే అండాలుండే సంచులు, దాన్ని స్రవిస్తాయి. ఎద చక్రంలో పెద్దగా మారదు కనుక ఏ రోజైనా ఒక్క నమూనా చాలు, అండాల నిల్వ తెలుస్తుంది. ఆవుకన్నా గేదెకు ఆ నిల్వే తక్కువ. నిల్వ బాగున్నంత మాత్రాన చూడి కడుతుందన్న హామీ లేదు, మేత, బరువు, ఖనిజ లవణాలు కూడా చూసుకోవాలి.

ఈ పరీక్షలు ఊరి పశువైద్యశాలలోనే దొరకాలి. నిక్షేపంలాంటి పడ్డలను గొడ్డువని కబేళాకు తోలడం నేను భరించలేను.