అటారీలో ఒక ట్యాంకును కుడికి నడిపించడానికి నాకు పట్టిన మూడు వారాలు

నిన్న రాత్రి పదకొండున్నరకు, పాత అటారీ వీడియో ఆటల యంత్రం కోసం నేను రాస్తున్న ఆటలో నా ట్యాంకు తెర ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఎక్కడా గెంతకుండా నడిచింది. ఆ సంతోషం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

1977లో అమెరికాలో ఇంటి టీవీకి తగిలించుకునే ఆ యంత్రాన్ని, అటారీ వీడియో కంప్యూటర్ సిస్టమ్‌ను, అమ్మినప్పుడు పెట్టెలోనే పెట్టి ఇచ్చిన ఆట కంబాట్. 1974 నాటి ఆర్కేడ్ ఆట ‘ట్యాంక్’ దానికి మూలం. గోడల మధ్య రెండు ట్యాంకులు, ఇద్దరు ఆటగాళ్ళు, 2 నిమిషాల 16 సెకన్ల గడువు. విమానాల పోరుతో కలిపి 27 రకాలుగా ఆడుకోగల ఆ ఆట అంతా 2 కిలోబైట్లలో ఇమిడింది. అదే యంత్రానికి, అదే పద్ధతిలో, ఒక చిన్న ట్యాంకుల ఆటను అసెంబ్లీలో, అంటే ప్రాసెసర్‌కు ఒక్కొక్క ఆదేశాన్నీ నేరుగా ఇచ్చే భాషలో, సొంతంగా రాయాలన్నది నా పట్టుదల. ఆ ఆదేశాలను యంత్రానికి అర్థమయ్యే అంకెలుగా మార్చే డాస్మ్ అసెంబ్లర్, అటారీని ల్యాప్‌టాప్‌లో అనుకరించే స్టెల్లా ఎమ్యులేటర్ ఒక్క సాయంత్రంలో సిద్ధమయ్యాయి. గోడలు రెండో రోజుకే నిలబడ్డాయి. కాలేజీలో 8085 అనే ప్రాసెసర్ కిట్ మీద హెక్స్ కోడ్‌లను (ఆదేశాల అంకెల రూపాలను) పుస్తకం చూడకుండా కొట్టగలిగినవాణ్ణి మా బ్యాచ్‌లో నేనొక్కణ్ణే కాబట్టి, అటారీలోని 6507 ప్రాసెసర్ నాకు కొత్తగా అనిపించలేదు.

చిక్కంతా ట్యాంకును అడ్డంగా ఎక్కడ నిలపాలన్న దగ్గర వచ్చింది. ఈ యంత్రంలో ర్యామ్ 128 బైట్లే. తెర బొమ్మను దాచుకోవడానికి అందులో చోటు లేదు. టీవీ కిరణం ఒక్కొక్క గీతను గీస్తూ పోతుంటే, ఆ గీతలో ఏమి కనబడాలో ప్రోగ్రామే అప్పటికప్పుడు బొమ్మను తయారుచేసే టియా చిప్‌కు చెప్పాలి. ఒక గీతకు ప్రాసెసర్‌కు దొరికేది 76 సైకిళ్ళు (దాని గడియారపు టిక్కులు), ఒక సైకిల్‌లో కిరణం 3 చుక్కలు ముందుకు వెళ్తుంది. ట్యాంకు 80వ చుక్క దగ్గర ఉండాలని అంకె రాసిపెట్టే రిజిస్టర్ (చిప్‌లోని చిన్న గడి) ఏదీ లేదు. కిరణం ఆ చోటికి చేరిన క్షణంలో రెస్‌పీ0 అనే చిరునామాకు ఏదో ఒకటి రాయాలి. ఏమి రాశామన్నది కాదు, ఎప్పుడు రాశామన్నదే లెక్క. అందుకని ట్యాంకు ఉండాల్సిన చోటి అంకెలోంచి 15 తీసివేస్తూ, అంటే దాన్ని 15తో భాగిస్తూ, తిరిగే ఒక లూప్ రాస్తారు; అది ముగిసిన క్షణంలో రెస్‌పీ0కు రాస్తారు. ఒక చుట్టుకు 5 సైకిళ్ళు, అంటే సరిగ్గా 15 చుక్కలు. మిగిలిన శేషాన్ని, ఎన్ని చుక్కలు జరపాలో చెప్పే హెచ్‌ఎమ్‌పీ0 రిజిస్టర్‌లో పెట్టి, ఆ జరుపుడును అమలు చేసే హెచ్‌మూవ్‌తో సరిచేస్తారు. హెచ్‌ఎమ్‌పీ0లో ధన సంఖ్య ఇస్తే ట్యాంకు ఎడమకు జరుగుతుందని గ్రహించడానికే నాకు ఒక రాత్రి పట్టింది.

ఈ లూప్‌ను నేను డబ్బు కట్టి చేరిన ఒక ఆన్‌లైన్ కోర్సులో నేర్చుకున్నాను. ఆ బోధకుడు దీనిని తెర మీద చూపించి, అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఇలాగే ఎక్కించుకోండి అని చెప్పి ముందుకు వెళ్ళిపోయాడు. అర్థం కానవసరం లేదని చెప్పే మనిషి రుసుము తీసుకోకూడదని నా అభిప్రాయం.

కిందటి ఆదివారం కాకినాడలో మా బ్యాచ్ వాళ్ళం కలుసుకున్నాము. బయలుదేరే ముందు ఫిరంగి మోత కోసం కొన్ని ఆదేశాలను ఆ లూప్‌కు ముందు చేర్చాను. అందరి ముందూ ల్యాప్‌టాప్ తెరిచి ఆట చూపిస్తే, ట్యాంకు 15 చుక్కల దూరం బాగా నడిచి, ఒక్కసారి గెంతి, మళ్ళీ నడిచి, మళ్ళీ గెంతింది. పేల్చిన గుండు కూడా గొట్టం నుంచి కాక పక్కనుంచి వచ్చింది. “మైక్రోప్రాసెసర్ల ల్యాబ్‌లో మాకందరికీ నువ్వే కదరా చెప్పేవాడివి, ఇదేమిటి, నీ ట్యాంకు కుంటుతోంది?” అని ఒక మిత్రుడు అందరికీ వినబడేలా అడిగాడు. నేను ముట్టుకున్నది శబ్దాన్ని మాత్రమే, చెడింది నడక. నా దగ్గర సమాధానం లేదు. భోజనాల దగ్గర ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ఇంటికి వచ్చి మూడు రాత్రులు స్టెల్లాలోని తప్పులు వెతికే సాధనం, డీబగ్గర్‌లో ఒక్కొక్క ఆదేశాన్నీ నడిపించి చూశాను. లూప్ చుట్టుకు 5 కాక 6 సైకిళ్ళు తీసుకుంటోంది. ఈ ప్రాసెసర్ జ్ఞాపకాన్ని 256 బైట్ల పేజీలుగా చూస్తుంది; వెనక్కి దూకే ఆదేశం పేజీ సరిహద్దు దాటవలసి వస్తే ఒక సైకిల్ అదనంగా పడుతుంది. నేను చేర్చిన శబ్దం లూప్‌ను కిందికి నెట్టి, దాని తలను ఒక పేజీలోనూ తోకను మరో పేజీలోనూ పడేసింది. చుట్టుకు 3 చుక్కల చొప్పున తప్పు పెరుగుతూ, కుడి వైపు వెళ్ళేసరికి అది 30 చుక్కల దాకా చేరింది. లూప్‌కు ముందు ‘అలైన్ 256’ అని, అంటే దాన్ని కొత్త పేజీ మొదట్లో పెట్టమని, ఒక్క పంక్తి రాయగానే అంతా కుదురుకుంది. ఈ పని మొదలుపెట్టేవారు మొదటి రోజే ఆ పంక్తి రాసుకోండి. ఏ ఆదేశం ఎక్కడ పడిందో చూపుతూ అసెంబ్లర్ ఇచ్చే లిస్టింగ్‌లో చిరునామాలను చూడకుండా ఏదీ చేర్చకండి.

ఆ తరువాత కంబాట్ కోడ్‌ను చదివాను. అందులో ఈ భాగహారపు లూప్ లేదు. ట్యాంకును మొదట ఒక చోట నిలిపి, ఆ పైన అది తిరిగి ఉన్న దిక్కును బట్టి పట్టికలోంచి తీసిన చిన్న అంకెలతో హెచ్‌మూవ్ ద్వారా కొంచెం కొంచెంగా జరుపుతూ పోయారు. ఆ ఆటను రాసిన జో డెక్యూర్, ల్యారీ వాగ్నర్‌ల ఆ పొదుపు చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నా రెండో ట్యాంకును వారి పద్ధతిలోనే రాస్తున్నాను. పదహారు దిక్కుల పట్టికలో ఇప్పటికి తొమ్మిది పూర్తయ్యాయి.