ఆ 'వరకు' దగ్గరే ఉంది కిటుకు

నిన్న రాత్రి బెంగళూరు మారతహళ్లిలో ఆంధ్రా మెస్‌లో పప్పన్నం కలుపుతుంటే తమ్ముడు ఫోన్ నా కంచం పక్కన పెట్టాడు. "అన్నా, ఈ కొత్త ఫోన్‌లో 'విప్లవాత్మక' బ్యాటరీ అట. కొనేద్దామా?"

వార్త చదివాను. ఎందుకో అనుమానం వచ్చి ఇంకో సైట్ తెరిచాను. అదే వాక్యం, అదే కామా! కంపెనీ పంపిన ప్రెస్ నోట్‌ని ఇద్దరూ దించేశారన్నమాట. ఒకరైతే చివర్లో చీమ తలకాయంత అక్షరాల్లో 'కంపెనీ ఆహ్వానం మేరకు వెళ్లి రాసినది' అని పెట్టారు. పోనీలే, ఆ మాత్రం నిజాయితీ ఉంది.

చార్జింగ్ 'రెండు రోజుల వరకు' వస్తుందట. ఆ 'వరకు' ఉందే, అదే కిటుకు. ల్యాబ్‌లో అన్నీ అనుకూలంగా పెట్టి తీసిన లెక్క అయ్యుంటుంది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో మ్యాప్స్ ఆన్ చేసుకుని కూర్చున్నవాడి లెక్క కాదు.

"ఒరేయ్, రెండు చుక్కల రక్తంతో బోలెడు పరీక్షలన్న అమెరికా కంపెనీ థెరానోస్‌నీ ఇలాగే ఆకాశానికెత్తారు. 2015లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక తవ్వి బండారం బయటపెట్టేదాకా అందరూ భజనే" అన్నాను.

వాడు మజ్జిగ తాగుతూ కాసేపు ఆలోచించాడు.

"నిజమే అన్నా. కానీ రంగు బాగుంది కదా?"